పురుగు నడుము కనిపించే ఫోటో

తప్పులు పట్టడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో కూర్చుని, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములు ఎక్కడ చెడతాయో వెతికి పెడుతుంటాను. ఎవరైనా వచ్చి "అంతా బాగానే పనిచేస్తోంది" అంటే ముందు ఆ మనిషి మీదే అనుమానం వస్తుంది నాకు. ఇన్నేళ్ళుగా అదే పని చేశాక ఆ బుద్ధిని ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడం కుదరదు. పాల ప్యాకెట్ మీద తేదీ రెండుసార్లు చూస్తాను. కూరగాయల బండి దగ్గర తూకం ముల్లు మీదే ఉంటుంది నా కన్ను. లిఫ్టులో ఎవరైనా ఊరికే నవ్వితే, ఎందుకు నవ్వారా అని ఇంట్లోకి వచ్చాక కూడా ఆలోచిస్తాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. నేను అనుభవం అంటాను.

అందుకే ఆ వేసవిలో మా అత్తమ్మ ఉన్నట్టుండి నన్ను ముద్దు చేయడం మొదలుపెట్టగానే, ఏదో జరుగుతోందని నాకు తెలిసిపోయింది.

ఆవిడ ఉండేది కూకట్‌పల్లిలో, కేపీహెచ్‌బీ కాలనీలో. కంట్లో శుక్లం తీయించుకుని, కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉంటుందని కొత్తగూడలోని మా ఫ్లాట్‌కు వచ్చారు. వాళ్ళది గుంటూరు వైపు, నాది సంగారెడ్డి వైపు. పెళ్ళయిన కొత్తలో నేను "అత్తమ్మా" అని పిలిస్తే ఆవిడకు ఎబ్బెట్టుగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. మంచి మనిషే. కానీ పెరుగు మీద మీగడ తీసి కోడలి కంచంలో వేసే మనిషి మాత్రం కాదు. అలాంటిది ఒకరోజు వేశారు. ఆ మర్నాడు నీళ్ళ క్యాన్ ఎత్తబోతుంటే పరుగెత్తుకొచ్చి, "నువ్వెత్తమాకు, వాణ్ణి ఎత్తమను" అన్నారు. కంటి ఆపరేషన్ అయినావిడ, వంగకూడదు, పరుగెత్తకూడదు. నాకోసం పరుగెత్తారు.

సంగతేమిటో అదే రోజు మధ్యాహ్నం కొంత బయటపడింది. మా ఇంట్లో ఒక చిన్న గది ఉంది. బిల్డరు ఇచ్చిన ప్లానులో దాని మీద "పిల్లల గది" అని ఉంటుంది. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో నేను అక్కడే కూర్చుంటాను. ఆ గదిలో కిటికీ పక్క గోడ మీద, పుస్తకాల అర వెనక, గుప్పెడు ఎర్రమట్టి అతుక్కుని ఉంది. దాన్ని అత్తమ్మే ముందు చూశారు, కొత్తగా వచ్చిన చూపు కదా.

"అమ్మాయ్, ఆ మూల మట్టి ఉందే, దాన్ని తియ్యమాకు," అన్నారు.

"ఏందది అత్తమ్మా?"

"ఏదోలే. పాపం, కట్టుకుంటోంది. ఉండనీ."

మా అత్తమ్మ బొద్దింకను చూస్తే చెప్పు తీస్తారు, బల్లిని చూస్తే చీపురు తీస్తారు. ఈ పురుగు ఒక్కదాని మీద జాలి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? నేను ఆ మట్టివైపే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి దోమతెర చిరిగిన మూలలోంచి నల్లగా, సన్నగా ఒక పురుగు దూరి వచ్చింది. కాళ్ళు వేలాడేసుకుని, నోట్లో మట్టి ఉండ పట్టుకుని నేరుగా గోడ దగ్గరకు పోయి సన్నగా జుమ్మంటూ పని మొదలుపెట్టింది. కుడుతుందేమోనని నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను. అదైతే నావైపు తిరిగి కూడా చూడలేదు.

ఇంటి పనికి బోరబండ నుంచి ఒకామె వస్తుంది. మర్నాడు గిన్నెలు తోముతుంటే ఆమెనడిగాను.

"మీ అత్త జెప్పలేదా అమ్మా?" అంది ఆశ్చర్యంగా. "గది కుమ్మరి పురుగు. ఇంట్ల గూడు వెడితె ఆ ఇంట్ల కడుపు పండుతదంటరు. మస్తు మంచిదమ్మా. తీయకుండ్రి."

మీగడ ఎందుకో, నీళ్ళ క్యాన్ ఎందుకో అప్పుడు అర్థమైంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందో చెప్పాలి. పెళ్ళయిన మొదటి ఏళ్ళలో నాకు రెండుసార్లు కడుపు వచ్చి నిలవలేదు. ఆ తర్వాత ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. పొట్ట మీద సూదులు, తెల్లవారకముందే స్కానింగుల కోసం క్యూలు, ఆఫీసులో బాత్రూములో కూర్చుని ఏడుపు. చివరిసారి కూడా ఫలితం లేదని చెప్పిన రోజు, తిరుగు దారిలో కొత్తగూడ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు మా ఆయన ముందుకు చూస్తూనే అన్నాడు: "ఇంక చాలు. నాకు పిల్లలు వద్దు. మనిద్దరం చాలు." ఆ మాట విన్నాక నాకు దుఃఖం రాలేదు. ఊరట కలిగింది. ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా మంచమెక్కి నిద్రపోయాను.

అప్పటినుంచి ఏ పెళ్ళిలో ఎవరు అడిగినా ఆయనే ముందుకొచ్చి "నాకే వద్దండీ" అనేవాడు. నన్ను నోరు తెరవనిచ్చేవాడు కాదు. మాటలన్నీ ఆయనే పడేవాడు. అత్తమ్మ అయితే ఎప్పుడు కలిసినా కొడుకునే తిట్టేవారు. "నీ మొండితనానికి ఆ పిల్ల ఊరందరి చేతా మాటనిపించుకుంటోందిరా" అని. నన్ను పల్లెత్తు మాట అనలేదు. పిల్లల సంగతి మా ఇంట్లో అలా ముగిసింది, ముగిసింది కాబట్టే నేను మామూలు మనిషినయ్యాను. ఇప్పుడో పురుగు వచ్చి దాన్ని మళ్ళీ లేపుతోంది. అది లేవకూడదు. నాకు కావలసిందల్లా అంతే.

గూడు పడగొట్టేస్తే పోయేదిగా అనిపించవచ్చు. చీపురు ఒక్కసారి ఆడిస్తే పోతుంది నిజమే. కానీ పడగొట్టి ఉంటే ఆ పాపం జీవితాంతం నా నెత్తినే ఉండేది. "దేవుడు గూడు పంపిస్తే చేతులారా పగలగొట్టింది" అని మనవలకు కాకపోయినా ఎవరికో ఒకరికి చెప్పుకునేవారు. అందుకని నేరుగా అత్తమ్మనే అడిగాను.

"నేనేమన్నానమ్మా?" అన్నారు, ఏమీ ఎరగనట్టు. ఆ తర్వాత మనసు ఆగక, "మా ఊళ్ళో అసలు కుమ్మరి పురుగు చిన్న కుండలే కడుతుంది, మెడా మూతీ అన్నీ పెట్టి. చూస్తే బొమ్మరింట్లోకి తెచ్చుకోవాలనిపిస్తుంది. ఇదీ అదేలే," అన్నారు.

"ఇదీ అదేలే" అన్న మాటతో నాకు దొరికిపోయారు. నా ఉద్యోగంలో అన్ని గొడవలూ ఆ మాటతోనే మొదలవుతాయి. ఎవరు చూశారు అదేనని? ఎవరు పోల్చారు? అది కుండ కట్టే పురుగు కాదని రుజువు చేస్తే, ఆవిడ శకునం ఆవిడ లెక్క ప్రకారమే చెల్లదు. శకునాలు నమ్మనిదానికి పురుగు ఏదైతే ఏమిటని నాకే నవ్వొచ్చింది. అయినా ఫోను తీసుకుని ఆ గదిలోకి వెళ్ళాను.

పురుగును ఫోటో తీయడం ఎంత కష్టమో తీసినవాళ్ళకే తెలుస్తుంది. గోడ దగ్గర చీకటి. దగ్గరకు పోతే ఎగిరిపోతుంది, దూరం నుంచి తీస్తే నల్లటి గీత. ఎలాగో తీసినవాటిని ఒక యాప్‌లో పెట్టాను. మొదటి ఫోటోకు కందిరీగ అంది, రెండోదానికి ఎగిరే చీమ అంది, మూడోదానికి నా వేలు పడిందేమో, పుట్టగొడుగేమోనని సందేహం వెలిబుచ్చింది. ఇలాంటి ప్రోగ్రామును నేనైతే గడప దాటనిచ్చేదాన్ని కాదు.

అప్పుడు ఇంటర్నెట్‌లో, పురుగుల ఫోటోలు పెడితే పేర్లు చెప్పే ఒక గ్రూపులో చేరాను. అక్కడ తెలుగులో జవాబిచ్చే మనిషి ఒకాయన ఉన్నాడు. ఏ ఊరో, ఏం చేస్తాడో తెలియదు. తన ఫోటో ఉండాల్సిన చోట పేడపురుగు బొమ్మ పెట్టుకున్నాడు. అలాంటి మనిషి మాట ఎలా నమ్మడం? ముందు ఆయన్నే పరీక్షించాను. ఆఫీసు క్యాంటీన్ దగ్గర పూల కుండీ మీద తేనెటీగను ఫోటో తీసి, "మా ఇంట్లో మట్టి గూడు కట్టేది ఇదేనండి, పేరు చెప్పగలరా" అని పెట్టాను.

"ఇది తేనెటీగ. మట్టి గూడు కట్టదు. మీరు నన్ను పరీక్షిస్తున్నారా, లేక పొరపాటా?" అని రాశాడాయన.

పొరపాటని చెప్పాను. ఆ రోజునుంచి ఆయన మీద కొంచెం నమ్మకం కుదిరింది, కొంచెమే.

అసలు ఫోటోలు పంపాక ఆయన ఓపిగ్గా వివరించాడు. మనవాళ్ళు మట్టితో కట్టేవాటన్నిటినీ కుమ్మరి పురుగనే అంటారట. అందులో కనీసం రెండు రకాలు మన ఇళ్ళకు వస్తాయి. ఒకటి విడివిడిగా కుండలు పెడుతుంది, వాటిలోకి గొంగళిపురుగుల్ని తెస్తుంది. ఇంకోటి గదుల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పైన మట్టి మెత్తేస్తుంది. అది సాలీళ్ళను తెస్తుంది. కట్టడం మధ్యలో ఉంది కాబట్టి మీ గోడ మీద గూడు చూసి తేల్చలేను, పురుగును చూడాలి అన్నాడు. "నడుము పక్కనుంచి స్పష్టంగా కనిపించే ఫోటో కావాలి. నడుము దారంలా పొడుగ్గా ఉందా, వెనక్కి పోయేకొద్దీ లావెక్కుతోందా? వాలినప్పుడు రెక్కల్ని నిలువునా మడుస్తోందా, మామూలుగా ఉంచుతోందా? ఆ రెండూ కనబడితే చెబుతాను."

అప్పటికి అత్తమ్మ కేపీహెచ్‌బీకి తిరిగి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ గది గుమ్మంలో నిలబడి గూటివైపు ఒకసారి చూసి, నా తల నిమిరి వెళ్ళారు. కొడుకును మాత్రం కారెక్కేదాకా తిడుతూనే ఉన్నారు. "నాకే వద్దమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి" అని ఆయన మామూలుగానే నవ్వుతూ తలుపు వేశాడు.

నేను నడుము కోసం రోజూ ప్రయత్నించాను. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి, చెవిలో ఎవరో మాట్లాడుతుంటే, స్టూలెక్కి ఫోను పట్టుకుని నిలబడేదాన్ని. మా ఆయన సాయంత్రం వచ్చి వెనకనుంచి తొంగిచూసి, "ఎన్ని గదులయ్యాయి?" అని అడిగేవాడు. నా పిచ్చికి వంత పాడుతున్నాడనుకున్నాను.

ఒక్క నడుమైనా సరిగా పడలేదు. ఆ మాటే పేడపురుగాయనకు రాస్తే, ఆయన తిరిగి ఇలా అడిగాడు: "గోడ దగ్గర కాదు, మట్టి తీసుకునే చోట పట్టుకోండి. తడి మట్టి మీద తల వంచి, వెనక భాగం పైకెత్తి, కొన్ని క్షణాలు కదలకుండా ఉంటుంది. ఇంతకీ ఈ ఎండల్లో మీకు దగ్గర్లో తడి మట్టి ఎక్కడుంది? మీ ఫోటోల్లో మట్టి రోజూ తాజాగా ఉంది. అదీ మంచి ఎర్రమట్టి."

ఆ ప్రశ్న చదివాక నాకు కాలు నిలవలేదు. నిజమే, తడి మట్టి ఎక్కడుంది? కొత్తగూడ ఫ్లైఓవర్ నుంచి మా గేటు దాకా సిమెంటు, టైల్సు తప్ప ఏమీ లేవు. బోర్లు ఎండి కాంప్లెక్సుకు ట్యాంకర్లు తోలుతున్న రోజులు. కింద మొక్కలకు నీళ్ళు పెట్టడమే ఆపేశారు. మరి దీనికి తడి మట్టి ఎవరిస్తున్నారు?

కిటికీలోంచి అది వెళ్ళే దారి చూశాను. ఎక్కడికో ఎగిరిపోవడం లేదు. గోడ తిరిగి, వంటింటి వెనక బాల్కనీలోకి పోతోంది, వాషింగ్ మెషీన్ ఉండేచోటికి. వెళ్ళి వెతికితే, మెషీన్ వెనక, పగిలిన పూలకుండీ అడుగుముక్కలో ఎర్రమట్టి ఉంది. వేలితో నొక్కాను. తడిగా, మెత్తగా ఉంది. మా ఇంట్లో ఒక్క మొక్క కూడా లేదు, ఎప్పుడో ఎండిపోయాయి.

అత్తమ్మే అనుకున్నాను. వెళ్ళేముందు పనామెకు చెప్పి పోయి ఉంటారు, ఈమె రోజూ నీళ్ళు పోస్తోంది. ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ఆడిస్తున్నారు. పనామె రాగానే ఆ ముక్క చూపించి నిలదీశాను.

"నాకేం పనమ్మా?" అంది ఆమె, చేతిలో బట్టల సబ్బు అలాగే పట్టుకుని. "బట్టలుతికేటందుకు వస్త గని పురుగులకు నీళ్ళు వోసేటందుకు వస్తనా? జర సోంచాయించి మాట్లాడు. గట్ల అనుమానముంటే తాళమేస్కో బాల్కనీకి."

ఆ రోజంతా నాతో మాట్లాడకుండా పనిచేసి వెళ్ళిపోయింది. అత్తమ్మకు ఫోను చేశాను. "నా కళ్ళమీద ఒట్టమ్మా, నాకేం తెలీదు," అన్నారు. ఆపరేషన్ చేయించుకున్న కళ్ళమీద ఎవరూ అబద్ధపు ఒట్టు వేయరని నాకూ తెలుసు. కానీ ఒట్టు వేశాక, "అయితే ఇంకా కడుతోందా?" అని ఆవిడ అడిగిన గొంతులో ఉన్న సంతోషం విని మళ్ళీ అనుమానం పుట్టింది.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను, ఇంట్లో ఎవరో మట్టి తడుపుతున్నారని. ఆయన నీళ్ళు తాగుతున్నవాడు తాగుతూనే, "ఏసీ నీళ్ళు కారుతున్నాయేమో" అన్నాడు. ఏసీ పైపు బాల్కనీ అటు చివర ఉంది. చెబితే, "అయితే నాకు తెలీదు. వదిలెయ్యరాదూ" అన్నాడు. వదిలేసే రకాన్ని కాను.

మర్నాడు ఇంటినుంచే పని. పొద్దున్నే పాత ఫోను ఒకటి తీసి, బాల్కనీలో స్టూలు మీద బట్టల డబ్బాలో, కెమెరా ఒక్కటే బయటికి కనబడేట్టు ఇరికించి, ఆ మట్టివైపు పెట్టాను. దానంతటదే వరసగా ఫోటోలు తీసుకుంటూ పోయేట్టు అమర్చాను. పురుగు నడుమూ దొరుకుతుంది, నీళ్ళు పోసే దొంగా దొరుకుతుంది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పెట్టాను కాబట్టి ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు కూడా. తర్వాత నా మీటింగులో నేను పడిపోయాను.

మధ్యాహ్నం భోజనం ముందు ఫోను తీసి చూశాను. చాలా వాటిలో ఖాళీ మట్టే. ఎండి, అంచుల్లో తెల్లబడింది. ఆ తర్వాత ఒక ఫోటోలో స్టీలు చెంబు. చెంబు పట్టుకున్న చెయ్యి. చొక్కా మడత. మెడలోంచి వేలాడుతూ ఆఫీసు నీలం పట్టీ, దాని చివర ఐడీ కార్డు, కార్డు మీద మా ఆయన మొహం. వంగి పోస్తున్నాడు. తరవాతి ఫోటోలో చెంబు పక్కన పెట్టి, మట్టి గట్టిపడిన చోట వేలితో మెదుపుతున్నాడు, చపాతీ పిండి మెదిపినంత శ్రద్ధగా. ఆ తర్వాత ఇంకో నాలుగైదు ఫోటోల్లో కూడా ఉన్నాడు. వెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. అప్పుడు పురుగు వచ్చింది. తల వంచి, వెనక భాగం ఎత్తి, ఆయన వేలికి జానెడు దూరంలో నిలబడింది. నడుము ఎంత స్పష్టంగా పడిందంటే, దారం పోగులా సన్నగా, పొడుగ్గా, దాని అవతలి మట్టి కూడా కనిపిస్తోంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టుకుని ఏం చేయాలో తెలియక ఆ స్టూలు మీదే కూర్చున్నాను.

ఆయన చెయ్యి కత్తిరించి, పురుగు వరకే ఉంచి ఫోటో గ్రూపులో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, చేతులు వాటంతటవే చేశాయి. జవాబు వెంటనే వచ్చింది. "అద్భుతమైన ఫోటో. నడుము దారంలా ఉంది, రెక్కలు మడవలేదు. ఇది గదులు పేర్చే రకం, కుండలు కట్టేది కాదు. ఇక సందేహం లేదు." అంటే నేనే గెలిచాను. మా అత్తమ్మ ఊరి లెక్క ప్రకారం ఈ శకునం చెల్లదు. ఆ జవాబు చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆయన వచ్చి బ్యాగు దించగానే ఫోను ఎదుట పెట్టాను. కోపమొస్తే నా నోట్లోంచి మా ఊరి మాటే వస్తుంది.

"ఏంది గిది?"

చూశాడు. వేలితో ఫోటో పెద్దది చేసి చూశాడు. "ఏదో మొక్కకు..." అన్నాడు.

"మొక్కేది అండ్ల?"

ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"మీ అమ్మ పొయ్యమన్నదా?"

"అమ్మకు తెలీదు."

"ఎప్పటిసంది?"

"అమ్మ వెళ్ళినప్పటినుంచి. కింద మొక్కలకు నీళ్ళు ఆపేశారు. మట్టి దొరక్క సగంలో వదిలేస్తుందేమోనని..."

"వదిలేస్తే ఏమైతది?"

"ఏం కాదు."

"నువ్వు నమ్ముతున్నవా ఇవన్నీ?"

"నమ్మను," అన్నాడు. "నమ్మకపోయినా పోశాను."

ఆ రోజు కారులో ఆయన అన్న మాట నేను ఎత్తాను. సిగ్నల్ దగ్గర, నాకు వద్దని, మనిద్దరం చాలని ఎందుకన్నావని. ఆయన నావైపు చూడకుండా టిఫిన్ డబ్బా తీసి సింకు దగ్గరకు వెళ్ళాడు. "ఆ రోజు నీకు సీటుబెల్టు పెట్టుకునే శక్తి కూడా లేదు. నేనే పెట్టాను. ఇంకోసారి నిన్ను అక్కడికి తీసుకెళ్ళలేననిపించింది. నీ నోటితో 'చాలు' అనలేవు, అంటే నిన్ను అందరూ మాటలతో తింటారు. అందుకని నేనన్నాను."

"నాకు ఇప్పటికీ వద్దు," అన్నాను. "నిజంగనే వద్దు."

"తెలుసు," అని డబ్బా కడగడం మొదలుపెట్టాడు.

నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఇంత నేర్పుగా ఇన్నేళ్ళు అబద్ధమాడినందుకు. దానికంటే ఎక్కువగా భయం వేసింది. ఆ తర్వాతి రోజుల్లో మా కాపురంలోని ప్రతి జ్ఞాపకాన్నీ తీసి మళ్ళీ పరీక్షించాను. లిఫ్టులో పక్క ఫ్లాటు పాప చెప్పు ఊడితే మోకాలి మీద కూర్చుని తొడిగిన రోజు ఆ మొహంలో ఏముంది? పొద్దున స్కూలు బస్సు వచ్చే వేళకే ఆయన వాకింగుకు దిగడం ఎందుకు? అప్పుడేమీ కానివన్నీ ఇప్పుడు ఏదో ఒకటి అయ్యాయి. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు, కానీ ఈసారి నా అనుమానాల్లో ఒక్కటీ తప్పుగా తేలలేదు. ఇద్దరం ఉప్పూ పప్పూ గురించే మాట్లాడుకున్నాం. బాల్కనీలో ఆ మట్టి ఎండి పగిలింది. ఆయన దాని దగ్గరకు వెళ్ళడం మానేశాడు.

ఆదివారం అత్తమ్మ భోజనానికి పిలిచారు. గుత్తివంకాయ, పప్పుచారు, అప్పడాలు. ముగ్గురమే ఉన్నాం. ఆవిడ వడ్డిస్తూ మొదట అడిగిందే గూడు గురించి. అది కుండలు కట్టేది కాదని, వేరే రకమని, ఫోటో చూసి తెలిసినవాళ్ళు తేల్చారని చెప్పాను.

"ఏదైతేనేం, మట్టిదేగా," అన్నారు ఆవిడ. నా రుజువు అంతా ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయింది. తర్వాత యథాప్రకారం కొడుకు మీద పడ్డారు. "పురుగుక్కూడా తెలుసురా గూడు కట్టుకోవాలని. నీకే తెలీలేదు. ఎవరి మాటా వినవు, ఆ పిల్ల ఉసురు పోసుకుంటున్నావు."

ఆయన తల ఎత్తాడు. ఏమనబోతున్నాడో నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా అంటున్న మాటే, నవ్వుతూ అనే మాటే. నేను ఆయనకంటే ముందు నోరు తెరిచాను.

"అత్తమ్మా, ఆయనకు కాదు. నాకు వద్దు. ఆస్పత్రి మానేసిన కాన్నుంచి నాకే వద్దు. నాకోసం ఆయన తన మీద వేసుకున్నడు."

ఆవిడ చేతిలో గరిటె పప్పుచారు గిన్నెలోనే ఆగింది. ఇక నా మీద పడతారని నేను సిద్ధంగా కూర్చున్నాను. ఇన్నేళ్ళ తిట్లు అన్నీ కలిపి ఒకేసారి వస్తాయనుకున్నాను. ఆవిడ నావైపు చూడలేదు. కొడుకువైపే చూశారు.

"ఒరే నాన్నా," అన్నారు మెల్లగా. "మరి నీకో?"

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడని చూశాను. నవ్వడానికి ప్రయత్నించాడు, రాలేదు.

"నాకు కావాలనే ఉండేదమ్మా," అన్నాడు. "ఇప్పటికీ ఉంది."

చెవుల దగ్గర జుట్టు నెరిసిన మనిషి, కంచం ముందు కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తమ్మ గరిటె వదిలేసి ఎడమచేత్తో వీపు రాస్తూ నిలబడ్డారు, నన్ను ఏమీ అడగలేదు. నేను నా కంచం పక్కకు నెట్టి, లేచి వెళ్ళి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. "సరే, ఇంకోసారి ఆస్పత్రికి వెళ్దాం" అని అప్పుడే చెప్పేద్దామా అనిపించి, మాట నోటిదాకా వచ్చింది. అది అబద్ధమని నాకు తెలుసు, అబద్ధమైతే ఆయనకూ తెలిసిపోతుంది. అందుకని ఏమీ అనకుండా, ఎంగిలి చెయ్యి అని కూడా చూడకుండా, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.